కూజాల ఏకాదశి

యేసేపు గోనెపట్టను రాతితొట్టిలో ముంచి ఎత్తి, నీళ్లు కారిపోయేదాకా అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. పిండకూడదు. పిండితే పొద్దు నెత్తికెక్కేలోపల ఆరిపోతుంది. ధారగా పడుతున్న నీళ్లు చుక్కలై, చుక్కకూ చుక్కకూ మధ్య ఊపిరి తీసుకునేంత ఎడం వచ్చాక అప్పుడు దాన్ని భుజాన వేసుకున్నాడు. చొక్కా వీపంతా తడిసింది. అరవై అయిదేళ్ల ఒళ్లు ఒకసారి జల్లుమంది.

తొట్టిలోవి వాననీళ్లు. మిద్దె మీద నుంచి రేకుగొట్టంలో పడి చేరినవి. పెరట్లో బావి లేక కాదు. ఆదోనిలో ఆ బావినీళ్లతో కందిపప్పే సరిగా ఉడకదు. ఆ నీళ్లు పోస్తే కూజాల తీగ వారం తిరక్కుండా అంచుల్నుంచి ఎండుకొస్తుందని యేసేపుకు తెలుసు.

ఎడమకాలు కొంచెం ఎత్తి వేస్తూ వరండా మెట్లెక్కాడు. మనిషి పొట్టి. ఎడమకంట్లో పువ్వు. ఒంటి మీది ఖాకీ చొక్కా పత్తి కంపెనీ దొర ఇచ్చిపోయినది. అయిదు ఇత్తడి గుండీల్లో రెండే మిగిలాయి, మిగతా మూడుచోట్లా పిన్నీసులు. గోళ్లకింద మట్టి, కడిగినా పోని నలుపు. బొటనవేలి గోరు నడిమికి చీలి, చీలిక అట్లాగే పెరిగింది.

వరండా స్తంభం మీద వరసగా ఇరవై బొగ్గుగీతలున్నాయి. జేబులోంచి బొగ్గుముక్క తీసి ఇరవయ్యొకటోది గీశాడు.

మొదటి ఏడు గీతలూ తీగ కుండీల్ని గాజుపెట్టెలోంచి తీసి వరండా లోపలి మూలన, నాలుగు వైపులా తడిగోనెల మధ్య ఉంచిన రోజులు. తర్వాతి మూడూ, గోనె ఒక వైపు ఎత్తి గంటసేపు గాలి సోకనిచ్చిన రోజులు. ఆ తర్వాత పొద్దుటి ఎండ ఒక గంట, రెండు గంటలు, పూటంతా. ఎండ ముదిరే వేళకు మళ్లీ చాటుకు. నిన్న చీకటి పడేదాకా వరండా అంచునే ఉన్నాయి. ఈరోజు మెట్లు దిగాలి. దిగితే ఇక ఎక్కవు.

తొలి ఏకాదశి. గోవిందమ్మ పెట్టిన గడువు ఇదే.

గోవిందమ్మ ఆ ఇంటి యజమానురాలు. భర్త హనుమంతరాయుడు శెట్టికి పత్తి మార్కెట్లో మండీ. తొమ్మిదేళ్ల కిందట దొర ఇంగ్లీషు సీమకు వెళ్లిపోతూ బంగళా అమ్మితే శెట్టి కొన్నాడు. బంగళాతో పాటు టేకు చట్రం బిగించిన, బీరువా అంత గాజుపెట్టె వచ్చింది. పెట్టెలో నాలుగు కుండీల్లో కూజాల తీగ వచ్చింది. వాటితో పాటు యేసేపు వచ్చాడు. అమ్మకం కాయితంలో యేసేపు పేరు లేదుగానీ, ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఎవరూ అతన్ని ఉండమనలేదు, పొమ్మనలేదు.

ఆ తీగను అస్సాం వైపు కొండల నుంచి దొర రైల్లో తెప్పించుకున్నాడు. ఆకు కొస సన్నని నులితీగలా సాగి, ఆ కొసన జానెడు కూజా వేలాడుతుంది. పైన మూత. లోపల సగందాకా నీళ్లు, అవి తీగ ఊరించుకున్నవే. మూతి అంచున తీపి. ఆ తీపికి వచ్చిన చీమో ఈగో కాలుజారి లోపల పడితే మళ్లీ పైకి రాదు. పెట్టెలో ఉన్నప్పుడు పురుగులు వాటంతట అవి రావు కాబట్టి యేసేపు వెదురుబద్దను సన్నగా చీల్చి పటకారు చేసుకున్నాడు. ఎద్దుల్ని కట్టే గాటిపాడి దగ్గర ఈగల్ని పట్టి, వారానికి ఒక్కో కూజాకు ఒక్కో ఈగ.

ఉల్లిపాయ కూడా తినని ఇంట్లో ఇది ఇమిడేది కాదు. అయినా శెట్టి నవ్వి ఊరుకున్నాడు. గోవిందమ్మ ఊరుకోలేదు. నెలకు రెండు ఏకాదశులు. ఆ రోజున తన కప్పు కింద ప్రాణి చావకూడదు. అందుకని మడికట్టుకుని, దీపాల ఒత్తులకు ఉంచిన పత్తి తీసి ఉండలు చేసి, ఒక్కో కూజా నోట్లో బిరడాలా కుక్కేది. మర్నాడు ద్వాదశి పొద్దున యేసేపు పటకారుతో వాటిని తీసేసేవాడు. మొదట్లో అతనికి ఇది పిచ్చిగా తోచింది. తర్వాత చూస్తే తీగకు ఏమీ కాలేదు. నెలకు రెండు రోజుల ఉపవాసం దానికీ అలవాటైంది.

గొడవ పోయిన మాఘంలో వచ్చింది. శెట్టి తండ్రి ఆబ్దికానికి వచ్చిన పంతులు కాళ్లు కడుక్కుని లోపలికి పోతూ గాజుపెట్టె ఉన్న పక్కగదిలోకి తొంగిచూశాడు. యేసేపు పటకారుతో ఈగను వదులుతున్నాడు. ఇదేమిటంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పంతులు విస్తరి ముందు కూర్చోకుండానే గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

"ఉగాదిలోపల ఆ రాక్షసి నా ఇంట్లో ఉండకూడదు. పెంటదిబ్బన పడేయ్," అంది గోవిందమ్మ.

తొమ్మిదేళ్లలో యేసేపు ఆ ఇంట్లో మొదటిసారి ఒకటి అడిగాడు.

"ఎండల్లో వద్దమ్మా. తొలకరి పడనియ్యి. మెల్లగా బయటికి అలవాటు సేస్తా."

"తొలి ఏకాదశి దాకా. ఆ పొద్దుకు బయట బతికితే ఉంటాయి. వాడితే నువ్వే పెరికి దిబ్బన వెయ్యాల."

మెల్లగా అన్న మాట అతనికి ఊరికే రాలేదు. దొర వెళ్లిన ఏడాది, పెట్టెలో ఉక్కపోస్తోంది, పాపం గాలి తగలనీ అని నాలుగో కుండీని ఒక పొద్దున ఏకంగా తెచ్చి ఎండలో పెట్టాడు. సాయంత్రానికి ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడాయి. కూజాలన్నీ ముడుచుకుపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

ఆ తర్వాత మిగిలిన మూడింటినీ వదిలి పోలేకపోయాడు. కూతురు మేరి ఎమ్మిగనూరులో మగ్గాల దగ్గర కండెలు చుడుతుంది. పద్దెనిమిది మైళ్లు. మనవడికి బాప్తిస్మం ఇచ్చిననాడు పోయి, పాదిరి ప్రార్థన ముగించకముందే బస్సుకు లేచాడు. ఒక్కసారి మాత్రం బండి తోలే ఉచ్చీరప్పకు అప్పజెప్పి, రాత్రికి అక్కడే ఉందామనుకున్నాడు. పొద్దుగూకేసరికి మనసు ఆగక తిరిగొచ్చాడు. ఉచ్చీరప్ప మధ్యాహ్నం పెట్టె తలుపు తీయడం మరిచిపోయాడు. మూడు కూజాలు ఆవిరికి ఉడికిపోయాయి. తొమ్మిదేళ్లలో యేసేపు ఆదోని దాటి ఒక్క రాత్రి నిద్ర చేయలేదు. భార్య సిద్దమ్మ బతికున్నన్నాళ్లూ, "నా సవతి లేసిందా, నీళ్లు తాగిందా?" అని దెప్పేది. ఆమె పోయి నాలుగేళ్లు.

ఇప్పుడు మేరి కార్డు రాయించింది. కన్ను సరిగా కనపడని మనిషివి, ఒక్కడివే గాటిపాడిలో పడుకోవద్దు, వచ్చేయ్ అని. యేసేపు మనసులో లెక్క ఒకటే. తీగ బయట నిలబడితే దానికి వాన నీళ్లిస్తుంది, పురుగులు వాటంతట అవే వస్తాయి. తనతో పనుండదు. ఏకాదశి సాయంత్రం అయిదు గంటల బస్సుకు వస్తానని కబురు పంపాడు.

"మెట్ల మీద పాచి ఉండాది సూసుకో," అన్నాడు, కుండీలు దింపడానికి వచ్చిన ఉచ్చీరప్పతో.

ఉచ్చీరప్ప కుండీ చుట్టూ తిరిగి, చెయ్యి దగ్గరికి పెట్టి వెనక్కి తీసుకున్నాడు. "అన్నా, ఇది వేలు కొరుకుతాదా?"

"నీ వేలు కొరికితే అదే కక్కుకుంటాది. పట్టు."

గోవిందమ్మ లోపలి నుంచి వచ్చింది. తడిచీర మడి, చేతిలో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో తెల్లటి దూదిఉండలు. గడప దాటకుండా నిలబడి మూడు కుండీల్నీ చూసింది.

"ఎన్ని నోళ్లప్పా ఇప్పుడు?"

"పదకొండమ్మా. మొన్నొకటి కొత్తగా మూత తెరిసింది."

"తెరుస్తాది, ఎందుకు తెరవదు. తిండికి నోరు తెరవనిది యాడుంది." గడప దాటి వరండా అంచుకొచ్చి, వంగి ఒక్కో కూజా నోట్లో దూది పెట్టసాగింది. పెడుతున్నప్పుడు పెదాలు కదులుతున్నాయి. "ఈ పొద్దు తొలి ఏకాదశి. ఇంకెప్పుడైనా తప్పినా ఈ పొద్దు తప్పకూడదు."

"గట్టిగా పెట్టమ్మా," అన్నాడు యేసేపు.

ఆమె తలెత్తింది. అతను ఎప్పుడూ ఆ మాట అనలేదు.

"మెట్లు దిగేటప్పుడు కూజాలు ఊగుతాయి. లోపలి నీళ్లు ఒలికితే అది మళ్లీ ఊరించుకోల్యాదు. కూజా ఎండిపోతాది. నాకు రెండు దినాల నుంచీ ఇదే దిగులు. నీ దూది ఉంటే ఒలకదు."

"చూసినావా," అంది గోవిందమ్మ ఉచ్చీరప్ప వైపు తిరిగి. "తొమ్మిదేండ్లు నన్ను పిచ్చిదాని మాదిరి చూసినాడు."

ఎక్కడ పెట్టాలన్నదానికి ఇద్దరికీ వారం రోజులు వాదన జరిగింది. యేసేపుకు ఈశాన్యం మూల కావాలి, పొద్దుటి ఎండకు. ఈశాన్యంలో దేవుడుంటాడు, పురుగులు తినేదాన్ని పెట్టనివ్వనంది ఆమె. నైరుతిలో పెట్టుకోమంది. నైరుతిలో ఆషాఢం గాలి ఆకుల్ని చీల్చేస్తుంది. చివరికి ఆగ్నేయానికి ఒప్పుకుంది. అది అగ్గి మూల, తిండి మూల, అక్కడ ఏది తిన్నా తప్పులేదని ఆమె లెక్క. అక్కడ నిమ్మచెట్టుంది, పడమటి గాలికి పాత వంటిల్లు అడ్డం, తూర్పుగోడ మొలబంటి ఎత్తే కాబట్టి పొద్దుటి ఎండ పడుతుందని యేసేపు లెక్క. ఎవరి లెక్క వాళ్లకు సరిపోయింది.

గోనెపట్ట కుండీ కిందికి పోనిచ్చి చెరొక వైపు రెండు కొసలు పట్టి ఎత్తారు. కుండీలో మట్టి లేదు. కొబ్బరిపీచు, బొగ్గు, ఇటుకచిప్పలు. పీచంతా గోవిందమ్మ పూజకు కొట్టిన టెంకాయలదే. అయినా తడికి బరువెక్కింది. మొదటి కుండీ దిగింది. రెండోదీ దిగింది. మూడోది అన్నిటికన్నా పాతది, ఆరు కూజాలున్నది. నాలుగో మెట్టు మీద ఉచ్చీరప్ప మడమ పాచి మీద జర్రున జారింది. అతను కూలబడ్డాడు. గోనె కొసలు చేజారాయి. కుండీ యేసేపు వైపు పక్కకు ఒరిగింది. యేసేపు మోకాలు మెట్టుకు కొట్టుకుంది. కుండీని రొమ్ముకు అదుముకుని అట్లాగే ఉండిపోయాడు. కూజాలు ఆరూ తలకిందులై అతని చొక్కా మీద వేలాడాయి.

"నారాయణా!" అంది గోవిందమ్మ గడపలోంచి.

యేసేపు కదల్లేదు. చల్లగా ఏదన్నా చొక్కాలోకి కారుతుందేమోనని చూశాడు. గోనెతడి తప్ప ఇంకేమీ తగల్లేదు. మెల్లగా కుండీని నిలబెట్టి, ఒక్కో కూజాను కిందినుంచి రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. బరువుంది. రెండోది బరువుంది. ఆరోదీ బరువుంది. దూది కొంచెం ఉబ్బింది, అంతే.

"ఒలికిందా?" అంది ఆమె.

"ల్యాదమ్మా. సుక్క ఒలకల్యా."

ఉచ్చీరప్ప పిర్ర రుద్దుకుంటూ లేచాడు. "నా నడుము సంగతి అడిగేవాళ్లే ల్యారు ఈడ."

"నీ నడుముకు దూది పెట్టమంటావా?" అంది గోవిందమ్మ. ఉచ్చీరప్ప పళ్లికిలించాడు. యేసేపు కూడా నవ్వాడు. నవ్వితే అతనికి కుడివైపు రెండు పళ్లే కనపడతాయి.

ఉచ్చీరప్ప బండి తోలుకుని మండీకి పోయాడు. యేసేపు బోర్లించిన గంప మీద నిమ్మచెట్టు కింద కూర్చున్నాడు. ఇక చేయాల్సిందేమీ లేదు. చూడడమే. పొద్దు నడినెత్తికి వచ్చేటప్పుడు తేలుతుంది. ఆకు అంచు లోపలికి మడత పడితే ఓడినట్టు. మూత మెత్తబడి వాలితే ఓడినట్టు. వేలి వెనకవైపుతో ఆకును తాకాడు, పిల్లకు జ్వరం చూసినట్టు. వెచ్చగా ఉంది. అంచు తిన్నగానే ఉంది.

పన్నెండు దాటింది. నిమ్మాకుల సందుల్లోంచి ఎండ రూపాయంత బిళ్లలుగా తీగ మీద పడి గాలికి జరుగుతోంది. ఒక బిళ్ల ఒకే ఆకు మీద చాలాసేపు నిలిచింది. యేసేపు లేచి గోనెపట్ట అడ్డం పట్టబోయి ఆగాడు. రేపు తాను ఉండడు. అది ఓర్చుకుంటుందో లేదో ఈరోజే తెలియాలి. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అట్లా ఊరికే చేతులు పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అతనికి అప్పుడు తెలిసింది. ఎండబిళ్ల జరిగింది. ఆకు అట్లాగే ఉంది.

రెండింటికి కౌతాళం వైపు నుంచి మబ్బు లేచింది. గాలి పాత వంటింటి గోడకు కొట్టుకుని పైకి పోయింది, నిమ్మచెట్టు కొమ్మలూగాయి. కింద తీగ మాత్రం కొంచెమే కదిలింది. ఆ తర్వాత చినుకులు. దుమ్ము వాసన. చినుకులు సన్నటి వానయ్యాయి. ఆకుల మీది తొమ్మిదేళ్ల గదిదుమ్ము, ఎన్నిసార్లు తడిగుడ్డతో తుడిచినా మిగిలిపోయినది, గీతలు గీతలుగా కరిగి కారిపోయింది. ఆకులు అంత పచ్చగా ఉంటాయని యేసేపుకు గుర్తే లేదు. వానలో కూర్చునే ఉన్నాడు. మోకాలి నొప్పి తెలుస్తోంది. ఆకలీ తెలుస్తోంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది.

"బతికినాయి," అని తనకే చెప్పుకున్నాడు.

వాన వెలిశాక మూటతో గాటిపాడిలోంచి వచ్చాడు. మూటలో దుప్పటి, బైబిలు, సిద్దమ్మ కంచం. గోవిందమ్మ మెట్ల మీద ఉంది.

"మూడు మాటలమ్మా. బావినీళ్లు పోయొద్దు. ఎరువు వెయ్యొద్దు. మాఘం దాటినాక ఉచ్చీరప్పతో గోనెపట్ట కట్టించి తొట్టినీళ్లతో తడిపించు. వానకాలం అదే సూసుకుంటాది."

"ఈగలు?"

"వస్తాయి. సెప్పి పంపాల్సిన పని ల్యాదు."

ఆమె తలూపింది. యేసేపు కదలబోయి ఆగి, కూజాల వైపు చూశాడు. దూది వానకు నాని బరువెక్కింది. మూతులు వంగుతున్నాయి.

"దూది తీయాల కదమ్మా."

"రేపు ద్వాదశికి కదా తీసేది."

"నేను పోతాండాను కదా. రేపు నువ్వు తియ్యాల."

"నేనా?" గోవిందమ్మ వెనక్కి జరిగింది. "నేను తీస్తే ఆడ పడి చచ్చేదాని పాపం నాకు చుట్టుకోదా?"

"ఇన్నేండ్లు నేను తీస్తాంటి. నాకు సుట్టుకోల్యాదా?"

"నీకు ఏకాదశి లేదు కదప్పా."

"ల్యాదు. ఆదివారం ఉండాది. ఆదివారం దినమూ ఈగను పట్టినా."

యేసేపు తడిసిన దూదినీ, బస్టాండు వైపునూ చూశాడు. మూటను మెట్టు మీద పెట్టాడు.

"సరేలేమ్మా. ఈ రాత్రి ఉండి పొద్దున తీసి పోతా."

ఆ మాట అన్నాక తన గొంతు తనకే పాతగా వినపడింది. తొమ్మిదేళ్లుగా అంటున్న మాటే అది. గోవిందమ్మ ఆ మూటను చూసింది.

"మేరికి ఈ పొద్దే వస్తానన్నావు కదా?"

"బస్సు కాడికి వస్తాది. పిల్లోని కూడా తెస్తాది."

"పొద్దున ఇంకొక సాకు ఉంటాది నీకు. ఆ తర్వాత ఇంకొకటి." పళ్లెం తీసుకుని మెట్లు దిగింది. వానకు నానిన నేల మీద మడిచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిమ్మచెట్టు దగ్గరికి నడిచింది. ఆ ఇంట్లో ఆమె అంత దూరం రావడం యేసేపు ఎప్పుడూ చూడలేదు. చెట్టు కింద ఆగి, వెనక్కి తిరిగి తన ఇంటి కప్పును చూసింది, కొలిచినట్టు.

"ఇది నా కప్పు కింద కాదు కదా."

"కాదమ్మా."

"ఆకాశం కింద. ఆకాశం కింద ఏది దేన్ని తింటాందో చూసుకోను నేనెవరిని." వంగి మొదటి దూది లాగి పళ్లెంలో వేసింది. పిండితే నీళ్లు కారేట్టుంది. రెండోది. మూడోది. పదకొండూ తీసేసరికి ఆమె నుదుట చెమట. చివరి కూజా అంచు మీద అప్పుడే ఒక గండుచీమ తిరుగుతోంది. తీపి నాకుతూ వంపు దగ్గరికి పోయింది. గోవిందమ్మ ముఖం తిప్పుకుంది.

"నేనేమీ చూడల్యా," అంది.

మెట్లెక్కి వస్తుంటే ఆమె నడక తేలిగ్గా ఉంది. నెలకు రెండుసార్లు కావలి కాసిన మనిషి ఆ కావలి దిగిపోయిన నడక. లోపలికి పోయి పేలపిండి పొట్లం తెచ్చి, ఎప్పటిలాగే వరండా పిట్టగోడ మీద పెట్టి రెండడుగులు జరిగింది.

"బెల్లం ఎక్కువేసినా. పిల్లోనికి పెట్టు. దారిలో నువ్వు తినెయ్యొద్దు."

"సగం తింటా. ఆకలైతాంది."

"తిను పో. బస్సు పోతాది."

యేసేపు పొట్లం జేబులో పెట్టుకున్నాడు. మూట భుజాన వేసుకున్నాడు. గేటు దగ్గర తిరిగి చూస్తాడనుకుంది గోవిందమ్మ. చూడలేదు. ఎడమకాలు ఎత్తి వేస్తూ, బడి వదిలిన పిల్లవాడి తొందరతో బస్టాండు వైపు పోయాడు. బస్సు హారను మోగించి ఎమ్మిగనూరు దారి పట్టడం ఆమెకు వరండాలోకి వినపడింది.

దీపం పెట్టేముందు ఆమె పక్కగది కిటికీ తెరిచింది. గాజుపెట్టె ఖాళీగా ఉంది, అడుగున కుండీలు పెట్టినచోట ఆరిపోయిన మూడు గుండ్రటి మచ్చలు. పెట్టె చట్రానికి కొట్టిన మేకుకు వెదురు పటకారు వేలాడుతోంది, చెయ్యి పట్టుకునే చోట నునుపెక్కి, కొసల నడుమ ఈగ రెక్క ఒకటి ఇంకా అంటుకుని, కిటికీలోంచి వచ్చిన వానగాలికి మెల్లగా కదులుతూ.